కళ్ళంలో రాలిన తూటాలు

మొన్న హిందూపురంలో ఒక పెళ్ళికి పోతే, కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నారు. ఆకులో పప్పు పడకముందే వాదన మొదలుపెట్టారు. ఏ పిస్తోలు మంచిది, ఎంత లావు గుండు తగిలితే మనిషి ఉన్నచోటనే ఆగిపోతాడు, సన్న గుండు దూసుకుపోతే వాడు ఆగకుండా మన మీదికి వస్తాడా రాడా, ఇదీ వాళ్ళ గొడవ. దీన్ని స్టాపింగ్ పవర్ అంటారట. ‘పెద్దాయన సర్వీసంతా రివాల్వరు కట్టుకుని తిరిగినాడు, ఆయన్ను అడుగుదాం’ అని నా వైపు తిరిగారు. నోటినిండా ఓళిగ ఉండబట్టి అప్పుడు జవాబు చెప్పలేదు. నోరు ఖాళీ అయ్యాక కూడా చెప్పలేకపోయాను. నాలుగు ముక్కల్లో తేలే జవాబు కాదది. అందుకే ఇంటికొచ్చి తీరిగ్గా రాస్తున్నాను.

అబ్బాయిలూ, ఈ శాస్త్రంలో నన్ను మించిన పండితుడు ఒకప్పుడు ఈ జిల్లాలో లేడు. ఈ మాట ఎవరన్నారని అడగకండి. నేనే అనుకున్నాను, నేనే పదిమందికీ చెప్పుకున్నాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తల్లో నేను పెనుకొండలో సబ్ ఇన్‌స్పెక్టరుని. మీసం ఎక్కువ, అనుభవం తక్కువ. మద్రాసు వాళ్ళ కాలం నుంచి వచ్చిన పాత విలాయతీ రివాల్వరు ఒకటి నాకిచ్చారు. పాయింట్ ఫోర్ ఫైవ్ ఫైవ్. దాని తూటా చూపుడువేలి కణుపంత ఉంటుంది. మా సర్కిల్ ఇన్‌స్పెక్టరుగారు హిందూపురంలో ఉండేవారు. ఆయనది కొంచెం కొత్త రకం, పాయింట్ త్రీ ఎయిట్, చిన్నది, తేలికది. మా కానిస్టేబుళ్ళకు ఈ అంకెలు నోరు తిరిగేవి కావు. నాదాన్ని ‘దొడ్డది’ అనీ ఆయనదాన్ని ‘సన్నది’ అనీ పిలిచేవాళ్ళు. ఆ పేర్లే స్థిరపడ్డాయి.

దొడ్డదాని గొప్పతనం నాకు బోధించినవాడు పెనుకొండలో కాపురమున్న ఒక ముసలి సిపాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఎక్కడెక్కడి ఇసుక ఎడారుల్లోనో పోరాడి వచ్చానని చెప్పేవాడు. ‘సన్న గుండు తగిలినోడు ఒళ్ళు గీరుకోని ఇంకా మీదికే వస్తాడు సామీ. దొడ్డ గుండు తగిలితే మాత్రం, ఏందబ్బా ఇది అని కూలబడి ఆలోచన చేస్తాడు’ అనేవాడు. ఆ మాట నాకు వేదవాక్కు. ఆయన యుద్ధంలో చేసింది వంటపని అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి నేను ఆయన సిద్ధాంతాన్ని జిల్లా అంతా ప్రచారం చేసేశాను.

సర్కిల్‌గారు ఒప్పుకునేవారు కాదు. ‘లావు గుండు మనిషిని తోస్తాది, నిజమే. కాల్చినోన్ని కూడా ఎనక్కి తోస్తాది గదప్పా. చెయ్యి అదిరినాక రెండో గుండు యాడికి పోతాదో ఎవురికి తెలుసు? తగిలిన సన్న గుండు, తగలని దొడ్డ గుండు కన్నా పెద్దదే’ అనేవారు. నాకు రోషం వచ్చేది. ఆయన పెనుకొండకు వచ్చిన ప్రతిసారీ, నేను హిందూపురం పోయిన ప్రతిసారీ, కాఫీ చల్లారిపోయేదాకా ఇదే గోల. దొంగతనం కేసులు మూలన కూర్చుని మా ఇద్దరికీ తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూసేవి.

ఒకసారి పరీక్ష పెట్టాం. ఏటా కొండ కింద జరిగే గురి సాధన రోజున, నేను హిందూపురం మండీ నుంచి బెల్లం దిమ్మెలు తెప్పించాను. మనిషి కండకు దగ్గరగా ఉండేది బెల్లమేనని నా సొంత పరిశోధన. దాన్ని ఏ శాస్త్రంలోనూ వెతక్కండి. సర్కిల్‌గారు కాలిస్తే దిమ్మెకు శుభ్రంగా ఒక బెజ్జం పడింది. తర్వాత నేను కాల్చాను. దిమ్మె దిమ్మెలాగే ఉంది. మళ్ళీ కాల్చాను. దాని వెనకున్న మట్టిగట్టు మీద దుమ్ము లేచింది. నాకొక దురలవాటు ఉండేది. ఆ రివాల్వరు దెబ్బకు భయపడి, మీట నొక్కేముందు కళ్ళు మూసుకునేవాణ్ణి. ఎట్టకేలకు ఒకటి తగిలి బెల్లం ముక్కలు ముక్కలై ఎగిరింది. ‘చూశారా సార్!’ అని గంతేశాను.

ఆయన నెమ్మదిగా, ‘చూసినాను లేప్పా. నీ గుండు దేన్నయినా ఆపుతాది. కాకపోతే ఆపాల్సింది నీ గుండు పొయ్యే చోటికి వచ్చి నిలబడుకోవల్ల’ అన్నారు.

బెల్లం కానిస్టేబుళ్ళు పంచుకున్నారు. ఒకడి పంటికింద సీసం ముక్క పడి పన్ను కదిలింది. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మా ప్రయోగాల్లో స్టాపింగ్ పవర్ రుజువైంది వాడి భోజనం మీద మాత్రమే.

ఇక అసలు రోజుకు వస్తాను. అది ఆయుధపూజ రోజు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు, ఆ రోజు ఠాణాలో లాఠీ మొదలు బేడీల దాకా అన్నింటికీ పసుపు కుంకుమ పెడతాం. సర్కిల్‌గారు పొద్దున్నే జీపులో వచ్చారు, పూజ కాగానే మా కానిస్టేబుళ్ళను తీసుకుని హిందూపురం ఊరేగింపు బందోబస్తుకు పోవాలని. నా దొడ్డది, ఆయన సన్నది, రెండూ తుడిచి పీట మీద పక్కపక్కన పెట్టాం. మా తోలు సంచుల్లోని తూటాలు కూడా తీసి ఇత్తడి పళ్ళెంలో పేర్చాను. దొడ్డవి చుట్టూ తామర రేకుల్లాగా, సన్నవి మధ్యలో దుద్దులాగా. అందరూ బాగుందన్నారు. పూజారి ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు పెట్టాడు.

టెంకాయ కొట్టాక ఊరుకుని ఉంటే బాగుండేది. ఎదురుగా అంతమంది శ్రోతలు, పళ్ళెం నిండా తూటాలు, నా నోరు ఊరుకుంటుందా? ఒక చేతిలో దొడ్డ తూటా, ఒక చేతిలో సన్న తూటా పట్టుకుని ఉపన్యాసం ఎత్తుకున్నాను. మాట్లాడుతూనే తూటాలు ఏరి సంచుల్లో వేస్తున్నాను. ‘కళ్ళతో చూడాల్సిన పనిలేదు. వేలు పెడితే చాలు, ఏది ఏదో నాకు తెలిసిపోతుంది’ అని కూడా అన్నాను. రెండు సంచులూ ఒకే దర్జీ కుట్టిన ఒకే తోలువి. ఒకటి సర్కిల్‌గారి చేతికిచ్చి, ఒకటి నేను నడుముకు కట్టుకున్నాను. ఆయన జీపెక్కి కానిస్టేబుళ్ళతో పోయారు. ఠాణాలో నేనూ, రొళ్ల నుంచి వచ్చిన మా హెడ్ కానిస్టేబులూ మిగిలాం.

జీపు రేపిన దుమ్ము అణగకముందే, రామగిరి వైపు పల్లె నుంచి తలారి సైకిలు మీద వచ్చి పడ్డాడు. ‘సామీ, బిరీన రాండి. మా ఊర్లో పెద్దాయప్ప నాటు తుపాకి ఎత్తినాడు. తమ్మున్ని కాల్చేస్తా అంటాండాడు’ అని రొప్పాడు.

దారిలో విషయం తెలిసింది. అన్నదమ్ములిద్దరిదీ తరతరాల రైతుకుటుంబం. తండ్రి పోయాక భూమి, బావి, ఎద్దులు, అన్నీ పెద్దమనుషులు సగం సగం పంచారు. అడవిపందుల కోసం తండ్రి ఉంచుకున్న నాటు తుపాకిని మాత్రం పంచలేకపోయారు. లైసెన్సు అన్న పేరు మీదికి మారింది, తుపాకి అన్న ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు ఆయుధపూజ కదా, ‘నాయన తుపాకికి ఈ ఏడు మా ఇంట్లో పూజ చేస్తా, ఇయ్యి’ అని తమ్ముడు వచ్చాడు. అన్న ఇవ్వనన్నాడు. మాటకు మాట పెరిగింది. తమ్ముడు చేయి చేసుకున్నాడు. అన్న పూజ చేసిన తుపాకినే మందు దట్టించి చేతిలోకి తీసుకున్నాడు.

బస్సు లేదు. వేరుశెనగ మూటలతో పోతున్న లారీని ఆపి మూటల మీద ఎక్కాం. రివాల్వరు ఖాళీగానే ఉంది. నిండు రివాల్వరుతో ఆ గుంతల దారిలో ఎగిరెగిరి పడితే అది పేలి నా తొడకే తగులుతుందని భయం. ‘అక్కడికి పోయాక నింపుకుంటాను, పట్టుమని పది క్షణాల పని’ అన్నాను హెడ్‌తో. లోపల మాత్రం, నిజం చెప్పొద్దూ, నాకు సంబరంగా ఉంది. ఇన్నాళ్ళకు దొడ్డదాని సత్తా లోకానికి చూపే రోజు వచ్చిందనుకున్నాను. అవతల ఒక మనిషి ప్రాణం పోయేలా ఉంటే నాకు సంబరం! అప్పటి నా బుద్ధి అట్లా ఉండేది.

ఊరి వెలుపల కళ్ళం. పీకిన వేరుశెనగ కాయలు మోకాలెత్తు కుప్పలు పోసి ఆరబెట్టి ఉన్నాయి. ఒక పక్కన ఎండిన వేరుశెనగ కట్టె మనిషెత్తు వామి వేసి ఉంది. కళ్ళం మధ్యలో అన్న నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నుదుట కుంకుమ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో తుపాకి. దానికి పొద్దున పూజలో చుట్టిన బంతిపూల దండ ఇంకా ఉంది. తమ్ముడు వామి వెనక దాక్కున్నాడు. దాక్కున్నవాడు నోరు మూసుకుని ఉండొచ్చు కదా! ఉండడు.

‘కాల్చు! కాల్చు సూస్తాం! పదేండ్లలో ఒక పందిని గూడా కొట్టలేదు, నన్ను కొడ్తాడంట!’ అని వామి వెనక నుంచి కేకలు.

‘బయటికి రారా నువ్వు! నాయన పొయ్యేముందు నా చేతిలో పెట్టినాడు ఇది!’ అని అన్న.

‘నాయన నీకొక్కనికే నాయనా? నాకు గాదా?’

ఆ మాటకు అన్న మొహం ఒక్క క్షణం మారింది. అంతలోనే వామి వైపు నడిచాడు. ఊరి జనం దూరంగా గోడల పక్కన ఉన్నారు. ఎవరికీ ముందుకు వచ్చే ధైర్యం లేదు. అన్న భార్య ఒక్కతే కళ్ళం అంచున నిలబడి నెత్తి కొట్టుకుంటూ ఏడుస్తోంది. ఇంకో పది అడుగులు వేస్తే అన్న వామి అవతలికి చేరతాడు. తమ్ముడి పని అయిపోతుంది.

నేను పరుగెత్తి ఇద్దరికీ మధ్యన నిలబడ్డాను. ‘ఆగు! తుపాకి కింద పెట్టు!’ అని అరిచాను. అన్న ఆగాడు. తుపాకి మాత్రం పైకి లేచింది. గొట్టం నోరు సరిగ్గా నా కడుపు వైపు చూస్తోంది.

గుండ్ల లావుసన్నాల మీద ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి కదా, ఆ గొట్టాన్ని చూడగానే కొలత వేశాను. నా బొటనవేలు సులువుగా దూరుతుంది. దాని ముందు నా దొడ్డది, సర్కిల్‌గారి సన్నది రెండూ పిల్లకాయలు. లోపల ఉండేది గుండు కూడా కాదు, సైకిలు చక్రంలోని ఇనుప గుండ్లు, మేకు ముక్కలు. ‘దొడ్డదే మేలు’ అన్న నా సిద్ధాంతం నూటికి నూరుపాళ్ళు నిజమని ఆ క్షణంలో నమ్మకం కుదిరింది. సిద్ధాంతం నావైపు లేదు, అంతే తేడా.

‘సామీ, నీకు మాకు ఏమీ లేదు. నువ్వు పక్కకు పో’ అన్నాడు అన్న.

నేను అతని మీద నుంచి చూపు తిప్పకుండా రివాల్వరు తీశాను. దాన్ని మధ్యకు విరిస్తే తూటాలు పెట్టే చక్రం బయటపడుతుంది. గొట్టం కిందికి వంచి, సంచిలో చెయ్యి పెట్టి, ఒక తూటా తీసి చక్రం బెజ్జంలో వేశాను. కింద ‘టప్’ మంది. ఏదో అనుకుని ఇంకొకటి వేశాను. ‘టప్’. మూడోది వేశాను. అదీ ‘టప్’. ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ వేళ్ళతోనే నింపడం నాకు అలవాటని మా ఠాణాలో కథలు కథలుగా చెప్పుకునేవాణ్ణి. అందుకని కిందికి చూడటం నామోషీ అనిపించింది.

వెనక నుంచి హెడ్ కానిస్టేబుల్ మెల్లగా అన్నాడు. ‘సార్, తూటాలు కిందికి పోతాండాయి.’

‘ఏంటికి?’

‘ఇవి సన్నవి సార్. దొడ్డవి యాడుండాయి?’

దొడ్డవి హిందూపురంలో ఉన్నాయి. ఊరేగింపు ముందర, సర్కిల్‌గారి నడుము మీద. నా సన్న తూటాలు ఆ లావు బెజ్జాల్లో ఒక పక్క దూరి ఇంకో పక్క బయటపడి, ఆరబెట్టిన కాయల్లోకి జారిపోతున్నాయి. వేలు పెడితే తెలుస్తుందన్న నా వేలు ఆ రోజు ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు. కంగారులో సంచి తిప్పి చూసుకోబోతే, మిగిలినవి కూడా బిలబిలమని రాలిపోయాయి.

ఇప్పుడు నేను చేసింది వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఎదురుగా మందు దట్టించిన తుపాకి. వెనక వామి అవతల ఒక ప్రాణం. నా కళ్ళకు కనబడింది మాత్రం జిల్లా ఆయుధాగారంలో కూర్చునే గుమాస్తా మొహం. ఆ రోజుల్లో ఒక్క తూటా లెక్క తప్పినా సంజాయిషీ, విచారణ, పైస్థాయి నుంచి కింది స్థాయికి దింపడం. ఒక్కటి పోతేనే అంత అయితే, సంచెడు పోతే? చావు కన్నా ఆ గుమాస్తాయే ఎక్కువ భయంకరంగా తోచాడు. మరుక్షణం నేను మోకాళ్ళ మీద కూలబడి, వేరుశెనగ కుప్పలో చేతులు పెట్టి తూటాల కోసం వెతుకుతున్నాను.

వామి వెనక కేకలు ఆగిపోయాయి.

‘ఏం ఎతుకుతాండావు సామీ?’ అని అడిగాడు అన్న.

‘తూటాలప్పా. పడిపోయినాయి. అవి పోతే నా ఉద్యోగం పోతాది’ అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. సబ్ ఇన్‌స్పెక్టరు గొంతు కాదది.

అతను నా వైపు వంగి చూశాడు. హఠాత్తుగా మొహం చిట్లించాడు. ‘కళ్ళంలోకి బూట్లేసుకోనొస్తివా? అన్నం పెట్టే చోటు గదా సామీ ఇది! తియ్యి ముందు!’

తుపాకి పట్టుకున్నవాడు చెబితే ఎవరు కాదంటారు? పైగా ఆ మాట సబబే. కళ్ళంలో చెప్పులతో నడవకూడదని నాకు తెలియదా? నేనూ రైతు బిడ్డనే. సిగ్గుపడి బూట్లు విప్పి పక్కన పెట్టాను.

‘అట్ల చేత్తో కెలికితే ఇంకా లోపలికి పోతాయి. కదలాకు. ఏయ్, చాట తే!’ అని భార్యను కేకేశాడు. ఆమె ఏడుపు ఆపి, ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, చాట తెచ్చింది. చాట పట్టాలంటే రెండు చేతులూ కావాలి. అన్న అటూ ఇటూ చూసి, చేతిలోని తుపాకిని వామికి ఆనించి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాయలు చాటలోకి ఎత్తి చెరగడం మొదలుపెట్టాడు. కాయలు ఒక వైపు ఎగురుతుంటే ఇత్తడి తూటా చాట అడుగున మిగిలి తళుక్కుమంది. ‘ఇదో, ఒకటి దొరికె’ అని నా చేతిలో పెట్టాడు. ఆ మనిషి మొహంలో కోపం పోయి పని వచ్చింది. పైరు కోసే, కాయ చెరిగే మనిషి మొహం.

నాకు ఊపిరి ఆడింది. అంతలో వామి వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి తుపాకిని పట్టుకుంది.

తమ్ముడు తుపాకితో ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. అన్న వీపు అతనికి నాలుగడుగుల దూరం. చెరుగుతున్న చప్పుడులో అన్నకేమీ వినబడలేదు. హెడ్ దూరంగా ఉన్నాడు. నేను మోకాళ్ళ మీద, ఒట్టి కాళ్ళతో, గుప్పెట్లో పనికిరాని తూటాతో ఉన్నాను. అన్న భార్య కేక వేయబోయి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నమ్మిన ఏ లెక్కలోనూ ఇది లేదు. ఇప్పుడు వీణ్ణి ఎవరు ఆపుతారు, దేనితో ఆపుతారు?

తమ్ముడు అన్న వీపు వైపు చూశాడు. తర్వాత తుపాకి వైపు చూశాడు. బంతిపూల దండను సరిచేశాడు. దెబ్బ పడితే నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ ఒకటి ఉంటుంది ఆ తుపాకులకు, అది లేకపోతే పేలవు. దాన్ని గోటితో పెరికి అవతల పారేశాడు. ఆ తర్వాత విసుగ్గా, ‘అన్నా, చాటతో యాడ దొరుకుతాయి! జల్లెడ పట్టాల. నీకు చిన్నప్పట్నుంచి ఇంతే, ఏ పనీ సరిగ్గా రాదు’ అన్నాడు.

అన్న తల తిప్పాడు. తమ్ముడి చేతిలో తుపాకి చూశాడు. చాట చేతిలోంచి జారింది. తమ్ముడు ఆ తుపాకిని హెడ్ కానిస్టేబుల్ చేతిలో పెట్టి, జల్లెడ కోసం ఇంటి వైపు పోయాడు.

అన్నకు అప్పుడు తెలిసొచ్చింది. ‘నేనేం జెయ్యబోతిని సామీ, నేనేం జెయ్యబోతిని’ అని అదే మాట పదేపదే అంటూ కాయల మీద కూర్చుండిపోయాడు. నేను అతని భుజం పట్టుకున్నాను. ఓదార్చడానికి అని చెబితే గొప్పగా ఉంటుంది. నిజానికి నాకు కూడా పట్టుకోవడానికి ఏదో ఒకటి కావలసి వచ్చింది.

ఊరంతా దిగి జల్లెడలు పట్టింది. ఆఖరికి ఒకటి తక్కువైంది. చీకటి పడేలా ఉంది, నాకు ఏడుపొస్తోంది. ‘బూట్లేసుకోండి సార్, లాంతరు తెప్పించి చూద్దాం’ అన్నాడు హెడ్. కుడి బూటులో కాలు పెడితే చురుక్కుమంది. తూటా అందులో ఉంది.

అన్న మీద కేసు పెట్టక తప్పలేదు. మేజిస్ట్రేటు మంచి నడవడికకు పూచీ రాయించుకుని వదిలేశారు. లైసెన్సు రద్దయి తుపాకి మా ఠాణాకు చేరింది. ఆ పై ఏడాది దానికి ఇద్దరి ఇళ్ళలోనూ పూజ జరగలేదు. మా ఠాణాలో మేమే చేశాం.

ఆ రోజు రాత్రి ఊరేగింపు ముగించుకుని సర్కిల్‌గారు ఠాణాకు వచ్చారు. జరిగిందంతా చెప్పాను. నవ్వి నవ్వి ఆయనకు దగ్గొచ్చింది. ‘అయితే నా సన్నవి నీకాడికి వచ్చినాయా?’ అని అడిగి, హఠాత్తుగా నవ్వు ఆపి తన సంచి విప్పి చూసుకున్నారు. నిండా దొడ్డవి. అవి ఆయన రివాల్వరులో దూరనే దూరవు. హిందూపురం జనసముద్రం ముందు పొద్దంతా ఆయన చేత్తో నడుము తడుముకుంటూ ఠీవిగా నడిచింది ఖాళీ రివాల్వరుతో. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత ఆయన కలం తీసుకుని, ‘నిందితుని దృష్టి మరల్చుటకై సదరు సబ్ ఇన్‌స్పెక్టరు సమయస్ఫూర్తితో తూటాలను నేలపై వెదజల్లి’ అని రిపోర్టు రాశారు. పైవాళ్ళ నుంచి మెచ్చుకోలు వచ్చింది. నా సర్వీసులో నాకు వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదేనేమో.

అక్కడితో అయిపోతే ఇది నవ్వుకునే కథ. నేనూ చాలాకాలం అట్లాగే నవ్వుతూ చెప్పాను.

కొన్నేళ్ళ తర్వాత నాకు ధర్మవరం బదిలీ అయింది. ఒక మధ్యాహ్నం మగ్గాల వీధిలో నడిచి వస్తుంటే, ఒక నేతగాళ్ళ ఇంటి నుంచి ఇద్దరు మనుషులు బయటికి వచ్చారు. చంకలో పట్టుచీరల మూట. అన్నదమ్ములే. తమ్ముడి కూతురి పెళ్ళట, చీరలు ఎంచడానికి వచ్చారట. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. ‘బూట్లేసుకోనే ఉండావు సామీ’ అని తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వాను.

అన్న నవ్వలేదు. ఏదో చాలాకాలంగా అడగాలనుకున్నవాడిలా నా దగ్గరికి వచ్చాడు.

‘సామీ, ఒక మాట అడగల్ల. ఆ పొద్దు ఆ గుండ్లు సరిగ్గా పట్టింటే ఏం జేస్తాంటివి?’

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనిపించింది. ‘కాలి మీద కొట్టేవాణ్ణి’ అనో, ‘గాల్లో కాల్చేవాణ్ణి’ అనో. అతను నా కళ్ళలోకే చూస్తున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

‘కాల్చేవాణ్ణప్పా. నీ రొమ్ము మీదే’ అన్నాను.

‘తగిలింటే?’

‘దొడ్డ గుండు కదా. లేచేవాడివి కాదు.’

అతను తల ఊపాడు. కోపం లేదు, ఏమీ లేదు. బావి లోతు ఎంతో కనుక్కున్న మనిషిలా తల ఊపి ఊరుకున్నాడు. పక్కనే తమ్ముడు అంతసేపూ చీరల మూట ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంటూ నిలబడ్డాడు.

‘ఈయప్ప పొయ్యింటే నేనెవురితో కొట్లాడుతాంటిని సామీ’ అన్నాడు.

బస్సుకు వేళయిందని ఇద్దరూ బయలుదేరారు. నాలుగడుగులు పోయారో లేదో, పెళ్ళికూతురి చీర అంచు గురించి వాదన మొదలైంది. పెద్ద అంచు కావాలని అన్న, చిన్న అంచే అందమని తమ్ముడు. వీధి మలుపు తిరిగేదాకా వాళ్ళ గొంతులు వినబడుతూనే ఉన్నాయి. నేను ఆ ఎండలో, మగ్గాల చప్పుడు మధ్యన నిలబడ్డాను. నడుముకున్న సంచి విప్పి చూశాను, అన్నీ దొడ్డ తూటాలే, నా రివాల్వరుకు సరిగ్గా పట్టేవే. కళ్ళంలో ఆ తుపాకి ఎదుట నిలబడిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు.